సైకిలు ట్యూబు హఠాత్తుగా ఎందుకు పేలుతుంది? – ఒక ప్రత్తిసీమ చరిత్ర

మా గుంటూరు, ప్రకాశం జిల్లాల మాటల్లో సైకిలు చక్రానికి వచ్చే కష్టాలకు వేర్వేరు క్రియాపదాలున్నాయి. “గాలి దిగింది” అంటే నెమ్మదిగా తగ్గిందని. “గాలి పోయింది” అంటే ఉన్నదంతా ఒక్కమారు పోయిందని. “పంచరయింది” అంటే ముల్లో మేకో గుచ్చుకున్నదని. “బరస్టయింది” అంటే నలుగురూ వెనుదిరిగి చూసేటంత చప్పుడుతో ట్యూబు చిరిగిందని. నిఘంటువులకు ఎక్కకపోయినా ఇవి పర్యాయపదాలు కావు. ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క కారణం, ఒక్కొక్క చికిత్స ఉన్నాయి. ఈ నాలుగింటికీ సామాన్యంగా మనం తగిలించే క్రియావిశేషణం మాత్రం ఒక్కటే – “హఠాత్తుగా”. చక్రం చరిత్రను కొంచెం తిరగవేస్తే ఈ “హఠాత్తుగా” అన్న మాట ఎంతవరకు నిలుస్తుందో చూడవచ్చు. ఈ టపా ఉద్దేశ్యం అదే.

ఎడ్లబండి చక్రంతో మొదలుపెడదాం. దానికి నడుమ కుంభం, దాని నుంచి బయలుదేరే ఆకులు, ఆకుల కొసలను కలిపే పూటీలు, ఆ పూటీలన్నిటినీ బిగించే ఇనుప పట్టా. సంస్కృతంలో నాభి, అరములు, నేమి అన్నవి ఇవే. కమ్మరి పట్టాను నిప్పుల్లో ఎర్రగా కాల్చి, వ్యాకోచించి ఉండగా చక్రానికి తొడిగి, నీళ్ళు చల్లితే అది ముడుచుకొని పూటీలను పిడికిలిలా పట్టుకునేది. ఆ చక్రానికి ముల్లు భయం లేదు. కానీ రాతి మీద పడ్డ ప్రతి దెబ్బా బండివాని వెన్నుపూస వరకు వచ్చేది. ఇనుముకు ముల్లు తెలియదు, దయ కూడా తెలియదు. ఆ దయ కోసమే మనిషి చక్రంలోకి గాలిని ఆహ్వానించాడు. గాలితోపాటు గాలి పోయే భయం కూడా వచ్చింది.

చక్రానికి గాలి తొడగవచ్చునని మొదట పేటెంటు తీసుకున్నవాడు రాబర్ట్ విలియమ్ థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు, 1845లో. అతడు తోలుతొడుగు లోపల రబ్బరు పూసిన గుడ్డగొట్టం పెట్టి గుర్రపుబండ్లకు అమర్చాడు. అప్పటికి సైకిలే సరిగా పుట్టలేదు. కొనేవారు లేక ఆ ఆలోచన మరుగున పడింది. నాలుగు దశాబ్దాల తరువాత, 1887లో, బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల బండి రాళ్ళబాటలో కుదుపులు తగ్గి నడవడానికి రబ్బరు గొట్టంలో గాలి నింపి గుడ్డతో చుట్టి చక్రానికి బిగించాడు. 1888లో పేటెంటు పొందాడు. 1889లో విలీ హ్యూమ్ అనే పందెగాడు ఈ గాలిచక్రాలతో బెల్‌ఫాస్టులో పందేలు గెలిచాడు. ఎగతాళి చేసినవారే ఆ తరువాత వాటికోసం ఎగబడ్డారు. థామ్సన్ పేటెంటు ముందే ఉన్నదని తేలడంతో డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. అయినా పేరు మాత్రం ఆయనదే నిలిచింది.

ఈ గాలిని బంధించే రబ్బరుకు కూడా ఒక పూర్వకథ ఉంది. పచ్చి రబ్బరు ఎండకు జిగురుగా కారుతుంది, చలికి పెళుసుబారి విరుగుతుంది. 1830లలో అమెరికాలో చార్లెస్ గుడియర్ రబ్బరుతో తపాలా సంచులు తయారుచేసి ఇస్తే, అవి వేసవి వేడికి ముద్దలైపోయాయి. 1839లో అతడు రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి చూశాడు. అది ఎండకు కరగదు, చలికి విరగదు, సాగదీసి వదిలితే మళ్ళీ మొదటి రూపానికి వస్తుంది. దీనినే వల్కనైజేషన్ అంటారు. రోమకుల అగ్నిదేవత వల్కన్ పేరు అది. పంచరు అతుకు కింద ఉన్న ఆ నల్లటి చర్మమంతా అగ్నిసంస్కారం పొందినదే.

రబ్బరు చెట్టు పుట్టిల్లు బ్రెజిల్ అడవులు. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు అక్కడి నుంచి దాదాపు డెబ్బైవేల విత్తనాలను లండన్ దగ్గరి క్యూ ఉద్యానానికి చేర్చాడు. మొలిచినవి మూడువేల లోపే. ఆ మొలకల సంతతే సింహళం, మలయా తోటలయింది. మన దేశంలో వాణిజ్యపు తోట 1902లో కేరళలో, పెరియారు ఒడ్డున తట్టెకాడ్ వద్ద మొదలయింది. మలయా తోటల్లో పాలు గీసిన చేతుల్లో తమిళుల చేతులతోపాటు తెలుగువారి చేతులూ ఉన్నాయి. మన ఉత్తర కోస్తా జిల్లాల నుంచి వెళ్ళిన కూలీల సంతానం నేటికీ మలేషియాలో తెలుగు మాట్లాడుతున్నది. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశం కావడంతో ప్రపంచంలోని రబ్బరులో అత్యధిక భాగం మిత్రపక్షాల చేయి జారింది. తోటల్లో పని పోయిన దక్షిణభారత కూలీలు వేలాదిగా సయాము–బర్మా రైలుమార్గపు పనికి తరలింపబడి అడవుల్లో రాలిపోయారు. ఇంటి గోడకు ఆనించి ఉన్న సైకిలు చక్రంలో ఇంత దూరపు చెమట, ఇంతమంది ఆయుష్షు ఉన్నదని మనకు సాధారణంగా తోచదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. సైకిలు బరువును మోసేది ట్యూబు అనుకోవడం సహజం. ట్యూబు గాలిని పట్టి ఉంచుతుంది గాని, దాని ఒత్తిడిని భరించలేదు. ట్యూబును టైరు బయట పెట్టి పంపు కొట్టి చూడండి: ఎక్కడో ఒకచోట బుడగలా ఉబ్బి, కొద్దిసేపటికే చిరుగుతుంది. భరించేది టైరు. టైరులోనూ నేలను ఒరుసుకునే రబ్బరు కాదు, ఆ రబ్బరు లోపల దాగి ఉన్న గుడ్డ. ఒక చిన్న లెక్క చూడండి. ఒకటిన్నర అంగుళం లావు టైరులో చదరపు అంగుళానికి 45 పౌండ్ల గాలి కొట్టామనుకుందాం. గాలి ఒత్తిడిని టైరు గొట్టపు వ్యాసార్ధంతో, అంటే ముప్పాతిక అంగుళంతో, గుణిస్తే సుమారు 34 పౌండ్లు వస్తుంది. అంటే టైరులోని ప్రతి అంగుళం వెడల్పు గుడ్డా, సైకిలు ఊరక నిలబడి ఉన్నప్పుడు కూడా, దాదాపు 15 కిలోల బరువు వేలాడదీసినట్లుగా లాగబడుతూ ఉంటుంది. మనిషి ఎక్కక ముందే, మూట వేయక ముందే, పగలూ రాత్రీ ఆ నూలు ఈ లాగుడును మోస్తున్నది.

అందువల్ల “ట్యూబు పేలింది” అన్న వాక్యంలో కర్త ట్యూబే అయినా, కారణం చాలాసార్లు టైరు గుడ్డ. ఆ గుడ్డ ఒకచోట తెగితే ట్యూబు ఆ కంతలోంచి బయటికి తొంగి చూస్తుంది. ఆపటానికి ఎవరూ లేరు గనుక క్షణాల్లో బుడగై పగులుతుంది. మనం చూసేది ఆ క్షణాన్నే. గుడ్డ తెగడానికి పట్టిన నెలలను మనం చూడలేదు.

ఈ గుడ్డకొక చరిత్ర ఉంది, అందులో మన ప్రాంతానికొక వంతు కూడా ఉంది. తొలినాళ్ళ టైర్లలో మామూలు నేతగుడ్డ వాడేవారు. పడుగు, పేక ఒకదాని మీదుగా ఒకటి ఎక్కి దిగే నేత అది. చక్రం తిరిగినప్పుడల్లా టైరు నేలకు ఆని చదునై మళ్ళీ గుండ్రనవుతుంది. అలా వంగిన ప్రతిసారీ పడుగు దారం పేక దారాన్ని రంపంలా కోస్తుంది. టైరును లోపలి నుంచి చంపింది దాని నేతే. 1890లలో జాన్ ఫుల్లర్టన్ పామర్ అనే అమెరికను ఈ రహస్యం గ్రహించి, దారాలన్నీ ఒకే దిశలో పరచి, రబ్బరు పొర అడ్డంగా ఉంచి, దాని మీద మరొక వరుసను ఏటవాలుగా వేసే పద్ధతి కనిపెట్టాడు. దారాలు ఒకదానినొకటి తాకవు గనుక కోసుకోవు. ఈ పద్ధతే నేటికీ సైకిలు టైర్లలో సాగుతున్నది.

ఆ దారాలకు మొదట వాడినది ప్రత్తినూలే, అదీ ఈజిప్టు, సీ ఐలండు వంటి పొడుగుపింజ ప్రత్తి. మన గుంటూరు, కృష్ణా, నెల్లూరు నేలల్లో ఆ రోజుల్లో పండినది పొట్టిపింజ దేశవాళీ ప్రత్తి. ఎర్రటి ఛాయ గల ఆ ప్రత్తి కాకినాడ రేవు నుంచి ఎగుమతి కావడం చేత విదేశీ వర్తకుల లెక్కల్లో “కోకనాడ” అన్న పేరుతో చెలామణి అయింది. పొట్టిపింజ గనుక అది టైరునూలుకు పనికిరాలేదు. ప్రత్తిసీమలో తిరిగే సైకిలు టైరుకు పరాయి సీమల ప్రత్తి అవసరమయింది. మోటారు టైర్లలో రేయాను, దాని తరువాత నైలాను నూలు స్థానాన్ని ఆక్రమించాయి. మన సైకిలు టైర్లు మాత్రం నూలును చాలాకాలం వదలలేదు. క్రమంగా అవి కూడా నైలానుకు మారాయి.

టైరు అంచు గురించి కూడా ఒక మాట చెప్పాలి. డన్‌లప్ తొలి టైరును రిమ్ముకు అతికించి, చుట్టి కట్టేవారు. పంచరు వేయాలంటే చక్రానికి శస్త్రచికిత్స చేసినంత పని. 1890లో ఇద్దరు ఈ కష్టం తీర్చారు: చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ టైరు రెండంచుల్లోనూ సాగని తీగ పెట్టాడు, విలియమ్ ఎర్స్కిన్ బార్ట్‌లెట్ అంచును కొక్కెంలా మలచి రిమ్ములో ఇరికించాడు. మన ఊళ్ళ 28 అంగుళాల నల్ల సైకిలు టైరు వెల్చ్ వంశానిది. లోపలి తీగ తుప్పు పట్టి తెగినా, టైరు ఎక్కించేటప్పుడు అంచు ఒకచోట రిమ్ములో సరిగా కూర్చోకపోయినా, గాలి నిండేకొద్దీ అంచు జారి ట్యూబు బయటికి వస్తుంది. కొత్త టైరు, కొత్త ట్యూబు వేసుకొని ఇంటికి చేరకముందే బరస్టు అయ్యే సందర్భాల్లో చాలావాటికి ఇదే మూలం. దోషం రబ్బరులో కాదు, బిగింపులో ఉంది.

మన దేశంలో డన్‌లప్ వారి కర్మాగారం 1936లో కలకత్తాకు ఎగువన సాహాగంజ్‌లో మొదలయింది. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. వారు హెర్క్యులిస్ సైకిళ్ళు, ఆసన్‌సోల్‌లో సేన్–రాలీ వారు రాలీ సైకిళ్ళు, సోనీపత్‌లో అట్లాస్ వారు, లూధియానాలో హీరో వారు తయారీ చేపట్టిన తరువాతనే సైకిలు మోతుబరి ఇంటి వస్తువు నుంచి కూలివాని వాహనమయింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరు నుంచి 1967లో కాలువలకు నీళ్ళు వచ్చాయి. కుడికాలువ కింద పల్నాడు, ఒంగోలు ప్రాంతాల మెట్టలు మాగాణులయ్యాయి. మిరప, ప్రత్తి విస్తరించాయి. ప్రత్తితీతకూ మిరపకోతకూ ఊరి నుంచి ఊరికి పోయే కూలీలు, పాలక్యాన్లవారు, కల్లుముంతలవారు, తపాలావారు, బడిపంతుళ్ళు – అందరిదీ ఆ రెండు చక్రాల మీది బతుకే.

ఇప్పుడు గాలి పోయే కారణాలను ఒక్కొక్కటిగా చూద్దాం. వీటిలో అన్నిటికంటె చిన్నదీ, ఎక్కువమంది మరచిపోయేదీ వాల్వులోని చిన్న రబ్బరుగొట్టం. మన సైకిళ్ళకుండే వుడ్స్ రకం వాల్వులో ఇత్తడి పుల్లకు పక్కన ఒక సన్నని రంధ్రం ఉంటుంది. దానిమీద ఈ గొట్టం తొడుగుతారు. పంపు గాలి ఆ గొట్టాన్ని కొంచెం ఎత్తి లోనికి పోతుంది. లోపలి గాలి దానినే నొక్కి రంధ్రాన్ని మూసివేస్తుంది. ఎండకు ఆ గొట్టం మెత్తబడి అంటుకుపోతుంది, లేదా పగులుతుంది. అప్పుడు రాత్రి బిగుతుగా ఉన్న చక్రం తెల్లవారేసరికి చదునుగా ఉంటుంది. ట్యూబు విప్పి నీళ్ళలో ముంచి వెదికేముందు వాల్వు మీద ఒక చుక్క ఉమ్మి వేసి బుడగ వస్తుందేమో చూడడం తెలిసినవారి పద్ధతి.

రెండవది ముల్లు. మన మెట్టదారుల పల్లేరుకాయ ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఏ ముక్క ఎలా పడినా ఒక ముల్లు పైకి చూస్తుంది. నల్లతుమ్మ, రేగు సరేసరి. వీటికి ప్రభుత్వం వారు చేర్చిన ముల్లు ఒకటి ఉంది. వంటచెరకు కోసం, బీళ్ళను కప్పడం కోసం అమెరికా ఖండపు తుమ్మను 1870లలో మద్రాసు రాజధానికి రప్పించారు. తొలుత నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ప్రాంతం ఒకటి. సర్కారు తెచ్చినది గనుక జనం దానికి “సర్కారు తుమ్మ” అని పేరు పెట్టారు. ఇంతకన్న నిక్కచ్చి అయిన నామకరణం అరుదు. 1920లలో నాగజెముడును తినే పురుగును సింహళం నుంచి తెచ్చి వదిలితే ఆ ముల్లు చాలావరకు అంతరించింది. సర్కారు తుమ్మకు అటువంటి శత్రువు దొరకలేదు. ఒంగోలు, పల్నాడు బాటల పక్కన దాని బొగ్గుబట్టీలు పొగలు చిమ్ముతుంటే, దాని కంపలు తోలే బండ్ల నుంచి రాలిన ముళ్ళు సైకిళ్ళ కోసం కాచుకొని ఉంటాయి. ప్రత్తి తీత అయిపోయాక కట్టె నరికిన చేలల్లో ఏటవాలుగా మిగిలిన మోళ్ళు ముళ్ళకన్నా ప్రమాదం. గట్టుదాటి పోయే సైకిలు టైరును పక్క నుంచి చీలుస్తాయి.

అయితే ముల్లు ఒక మర్యాద పాటిస్తుంది. గుచ్చుకున్న ముల్లు తాను చేసిన రంధ్రాన్ని తానే కొంతవరకు మూసి ఉంచుతుంది. గాలి గంటల తరబడి దిగుతుంది. పెరికిన క్షణాన భుస్సుమంటుంది. మనం ఆ క్షణాన్నే “హఠాత్తుగా” అంటాం. ముల్లు దిగినది నిన్నటి ఊళ్ళో కావచ్చు.

మూడవది లోపలి శత్రువు. రంధ్రం ట్యూబుకు నేలవైపు కాక రిమ్మువైపు ఉన్నదంటే ముల్లును నిందించి లాభం లేదు. రిమ్ముకు లోపల కప్పవలసిన పట్టీ జరిగిపోయి, ఆకు కొస ట్యూబును గుచ్చి ఉంటుంది. పక్కపక్కన రెండు గాట్లు ఉన్నాయంటే గాలి తక్కువగా ఉండగా చక్రం రాతికో గోతి అంచుకో తగిలి, రిమ్ముకూ రాతికీ నడుమ ట్యూబు అడకత్తెరలో పోకచెక్క అయిందని అర్థం. పొడుగునా సన్నని చీలిక ఉన్నదంటే అంచు కింద ట్యూబు నలిగి ఉంటుంది, లేదా ట్యూబు అతుకే విడిపోయి ఉంటుంది.

ఈ దృష్టితో చూస్తే మన పంచరు షాపు పెద్దమనిషి ఒక పాఠపరిష్కర్త. తాళపత్రంలో పురుగు తిన్నదా, లేఖకుడు తప్పు వ్రాశాడా, తడి తగిలి చెరిగిందా అని చూచి మాత్రమే పండితుడు పాఠం నిర్ణయిస్తాడు. అలాగే అతడు ట్యూబును నీళ్ళ తొట్టిలో తిప్పుతూ బుడగ ఎక్కడ లేచిందో చూసి, ఆ చోటుకు ఎదురుగా టైరు లోపల వేళ్ళతో తడిమి, కారణం తేల్చిన తరువాతే గరుకు పెట్టి, సొల్యూషను రాసి, ఆరనిచ్చి, అతుకు వేస్తాడు. కారణం తేల్చకుండా అతుకు వేసేవాని వద్దకు అదే సైకిలు మరునాడు మళ్ళీ వస్తుంది.

నాల్గవది ఎండ. “రెంటచింతల ఎండకు టైరు పేలదా మరి!” అంటారు. పల్నాటి రెంటచింతల వేసవి ఉష్ణోగ్రతలకు పెట్టింది పేరు. కాని లెక్క కట్టి చూడాలి. ఉదయం 30 డిగ్రీల వేళ 45 పౌండ్ల గాలి కొట్టిన టైరు, నల్లటి తారురోడ్డు మీద మధ్యాహ్నం 60 డిగ్రీలకు వేడెక్కితే లోపలి ఒత్తిడి సుమారు 51 పౌండ్లవుతుంది. పెరిగినది ఆరు పౌండ్లు. ఆరోగ్యంగా ఉన్న టైరుకు ఇది లెక్కలోనిది కాదు. కాబట్టి ఎండ ఒక్కటే మంచి టైరును పేల్చదు. చావుబతుకుల్లో ఉన్న గుడ్డకు ఆ ఆరు పౌండ్లు చివరి లాగుడు అవుతుంది. పాత అతుకు కింది సొల్యూషను మెత్తబడి జారడానికీ వేడి తోడ్పడుతుంది. ఎండ హంతకుడు కాదు. ఎన్నాళ్ళుగానో జరుగుతున్న హత్యకు ఆఖరి సాక్షి.

ఐదవది గుడ్డ చావు. ఇదే ముఖ్యం. టైరు మీది రబ్బరు చిన్న గాటు పడితే అందులోంచి వాననీరు నూలుకు చేరుతుంది. మన నల్లరేగడి సంగతి తెలిసినదే: తడిస్తే చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ ముద్దగా పేరుకొని సైకిలును నడవనివ్వదు, మనిషే సైకిలును మోయాలి. ఆ తడిబురద గాటులో చేరి నిలిస్తే నూలు బూజు పట్టి కుళ్ళుతుంది. నైలాను కుళ్ళదు గాని గాటుకు, రాపిడికి తెగక తప్పదు. గాలి తక్కువగా ఉన్న టైరు ప్రతి చుట్టుకూ మితిమీరి వంగడం వల్ల పక్కగోడలో దారాలు ఒక్కొక్కటే విరుగుతాయి. రిమ్ముకు కొంచెం పైన చుట్టూ సన్నని గీతలా పగుళ్ళు కనబడతాయి. బరువు దీనిని ఇంకా త్వరపెడుతుంది. మిర్చి టిక్కీ ఒక్కొక్కటి 40 కిలోలకు తక్కువుండదు. రెండు టిక్కీలు వెనుక వేసి తోసుకుపోయే సైకిలు వెనుక చక్రం మోసేది మనిషిని కాదు, మరొక సైకిలును, మరొక మనిషిని కూడా. బరస్టులు వెనుక చక్రానికే ఎక్కువ కావడంలో ఆశ్చర్యం లేదు.

ఆరవది రబ్బరు వార్ధక్యం. సాగి ఉన్న రబ్బరును గాలిలోని ఓజోను కోస్తుంది. సాగుడుకు అడ్డంగా సన్నని పగుళ్ళు వస్తాయి. అందుకే తయారీదారులు దానికి విరుగుడు రసాయనాలు కలుపుతారు. అంగడిలో మడతపెట్టి ఏళ్ళు గడిచిన ట్యూబు మడతల వద్ద పగలడానికి కారణం ఇదే. కిరసనాయిలు, నూనెలు సహజరబ్బరును ఉబ్బించి బలహీనపరుస్తాయి. మన ప్రాంతానికి ప్రత్యేకమైన మరొకటి ఉంది: ప్రత్తికి, మిరపకు కొట్టే ద్రవరూపపు పురుగుమందులు కొన్నిటిలో జైలీను వంటి ద్రావకాలు ఉంటాయి. క్యారియరు మీద కట్టిన డబ్బా మూత వదులై కారితే కింద ఉన్నది వెనుక చక్రమే. ఆ ద్రావకం రబ్బరును ఉబ్బించిపోతుంది. వారం తరువాత పగిలితే ఆ డబ్బా సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఇంత విచారణ ఒక టైరు గురించి ఎందుకని అడగవచ్చు. కూలిపనికి పోయే మనిషికి ఊరికీ చేనుకూ నడుమ చక్రం పేలితే పోయేది గాలి ఒక్కటే కాదు. ఆ పూట కూలి పోతుంది, ఆలస్యానికి మేస్త్రీ చేత మాట పడుతుంది, కొత్త టైరు ఖర్చు మీద పడుతుంది. ఆ మీదట నింద కూడా అతనిదే – “చూసుకోకుండా తొక్కావు”, “ఎండలో నిలబెట్టావు”. కారణం తెలియని చోట నింద ఎప్పుడూ బలహీనుని మీదికే దిగుతుంది. టైరు గుడ్డ ఎప్పుడు తెగనారంభించిందో చూడగలిగితే, తప్పు రోడ్డుదా, సరుకుదా, బిగించిన చేతిదా, మోయించిన బరువుదా అన్నది తేలుతుంది.

ఈ ప్రాంతంలో ఈ మాట టైర్లకే పరిమితం కాదు. 1980ల నడుమ మన ప్రత్తిచేల మీద తెల్లదోమ విరుచుకుపడింది. 1987–88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ప్రత్తిరైతులు ప్రాణాలు తీసుకున్నారు. “హఠాత్తుగా ఇలా చేశాడు” అని ఊళ్ళో అనుకున్నారు. వెనుతిరిగి చూస్తే అందులో హఠాత్తు ఏదీ లేదు. ఏటికేడు ప్రత్తి తప్ప మరొకటి వేయని చేలు, పురుగును చంపబోయి పురుగు శత్రువులను చంపిన మందులు, ఆ మందులు అరువిచ్చిన అంగడి, వడ్డీ, కౌలు – దారం తరువాత దారం తెగుతూ వచ్చింది. పైరబ్బరు నిగనిగలాడుతూనే ఉన్నది. లోపలి నూలు తెగుతున్న సంగతి ఎవరూ తడిమి చూడలేదు. చప్పుడు విన్న తరువాత అందరం వెనుదిరిగి చూశాం.

తడిమి చూడడం పెద్ద విద్యేమీ కాదు. వారానికొకమారు గాలి సరిచూడడం. గాట్లలో ఇరికిన ముళ్ళు, గాజుపెంకులు పిన్నుతో తీయడం. పక్కగోడ మీద చుట్టుగీత కనిపిస్తే ఆ టైరును బరువుకు వాడకపోవడం. ట్యూబు మార్చినప్పుడల్లా రిమ్ము పట్టీని, టైరు లోపలి గుడ్డను వేళ్ళతో తడమడం. గాలి పూర్తిగా కొట్టేముందు కొంచెం కొట్టి అంచు చుట్టూ సమంగా కూర్చున్నదో లేదో చూడడం. ఇవి చేస్తే “హఠాత్తుగా” జరిగేవాటిలో చాలావరకు ముందుగానే కబురు చేసి వస్తాయి.

సాహాగంజ్ డన్‌లప్ కర్మాగారం 2010ల తొలినాళ్ళలో మూతపడింది. అట్లాస్ వారి సాహిబాబాదు కర్మాగారం 2020లో ఉత్పత్తి ఆపింది. గంటకింతని అద్దెకిచ్చే సైకిలు షాపులు మన ఊళ్ళలో దాదాపు కనుమరుగయ్యాయి. పాత టైరును కర్రతో దొర్లించే పిల్లలు, ట్యూబు ముక్కతో పంగలకర్ర కట్టేవారు, టైరు చెప్పులు తొడిగేవారు తగ్గిపోయారు. అయినా “బడికొస్తా” పథకం కింద ఉన్నత పాఠశాలల ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళు పంచినప్పుడు ఎన్నో పల్లెల దారుల్లో మళ్ళీ గంటలు మోగాయి. సైకిలు ఇచ్చినంత మాత్రాన సరిపోదు. ముల్లు ఎటు నుంచి గుచ్చిందో చదవడం, అతుకు వేయడం కూడా ఆ పిల్లలకు నేర్పితే, దారిలో చక్రం చదునైన రోజున వారు బడి మానరు.

ఈ విషయమై మిత్రులకొక మనవి. సైకిలుకు సంబంధించిన మన వాడుకమాటలు – పంచరు, బరస్టు, వాల్వులోని ఆ చిన్న గొట్టం, టైరు కంతకు లోపల వేసే పాత టైరు ముక్క – వీటికి మీ మీ ప్రాంతాల్లో ఏమంటారో వ్యాఖ్యలలో తెలియజేయగలరు. నిఘంటువులకు ఎక్కని ఈ మాటలు షాపులతోపాటు పోకముందే అంతర్జాలంలోనైనా ఒకచోట కూర్చుకుంటే బాగుంటుంది.